తాయెత్తూ ఓపీ చీటీ: ఎర్రగడ్డలో ఒక సంవాదం

సైన్సూ మతవిశ్వాసమూ కలిసి బతకగలవా అన్న చర్చ మన దగ్గర విశ్వం ఎలా పుట్టింది, డార్విన్ చెప్పింది నిజమా, దేవుడు ఉన్నాడా లేడా అన్న చోట మొదలై అక్కడే ఆగిపోతుంది. ఆ వాదనలో ఎవరు నెగ్గినా ఎవరి ఇంట్లోనూ ఏమీ మారదు. అదే ప్రశ్న మనిషి ప్రాణం మీదికి వచ్చే చోటు హైదరాబాదులో ఒకటుంది, ఎర్రగడ్డ. నగరవాసుల నోట ఎర్రగడ్డ అంటే రైతుబజారు కాదు, మెట్రో స్టేషనూ కాదు. జాల్నా నుంచి తరలివచ్చి 1950ల నుంచి ఇక్కడ నడుస్తున్న ప్రభుత్వ మానసిక చికిత్సాలయం. ‘వాణ్ణి ఎర్రగడ్డలో వెయ్యాలి’ అన్నది సినిమాల్లోనూ వీధుల్లోనూ తిట్టుగా స్థిరపడిపోయింది. ఆ ఆస్పత్రికి దగ్గర్లోనే ప్రభుత్వ ఛాతీ ఆస్పత్రి, ఆయుర్వేద కళాశాల ఆస్పత్రి, క్రైస్తవ సన్యాసినులు నడిపే సెయింట్ థెరిసా ఆస్పత్రి ఉన్నాయి. అమీర్‌పేట వైపు కాస్త వెళితే బల్కంపేట ఎల్లమ్మ గుడి. అక్కడ అమ్మవారు నేలమట్టానికి దిగువన, బావిలో కొలువై ఉంటుంది. ఆ ఊట నీటినే తీర్థంగా తీసుకుంటారు, ఒంటికి రాసుకుంటే చర్మవ్యాధులు పోతాయని నమ్ముతారు. మందూ మొక్కూ ఇంత దగ్గరగా కాపురం చేసే చోటు నగరంలో మరొకటి కష్టమే.

ఈ సంవాదంలో మాట్లాడేది ఇద్దరు. ఒకరు రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్, నాస్తికుడు. రెండోవారు ఆయన దగ్గర ఇంటర్ చదువుకుని మానసిక వైద్యురాలైన డాక్టర్. ఆమె ఆషాఢంలో ఎల్లమ్మకు బోనం ఎత్తుతుంది. ఇద్దరూ నేను ఊహించుకున్న మనుషులే, కానీ వాళ్లు ఉదహరించే సంగతులు జరిగినవి. నాకు ఇద్దరి మీదా గౌరవం ఉంది. అయినా మధ్యస్థుడిగా కూర్చోను. అవసరమైన చోట కలగజేసుకుంటాను.

లెక్చరర్: అమ్మా, నీ ఓపీలో కొత్త పేషెంటు కూర్చోగానే నువ్వు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి నాకు తెలుసు. ‘ఇంతకుముందు ఎక్కడెక్కడ చూపించారు?’ అంటావు. జవాబు కూడా తెలుసు. కొడుక్కి చెవుల్లో ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తే మొదట దిష్టి తీస్తారు. తర్వాత తాయెత్తు, ఆ తర్వాత దర్గా, అదీ కాకపోతే కొండగట్టు అంజన్న దగ్గర నలభై రోజులు. అన్నీ అయ్యాక, అప్పుల పాలయ్యాక, ఆ పిల్లాడు ఎవరినో కొట్టాకో ఇల్లు విడిచి పోయాకో నీ దగ్గరికి తెస్తారు. ఈలోగా జబ్బు ముదురుతుంది. మందు మొదలుపెట్టడం ఎంత ఆలస్యమైతే స్కిజోఫ్రెనియాలో కోలుకోవడం అంత కష్టమని మీ శాస్త్రమే చెబుతోంది కదా! ఈ ఆలస్యానికి కారణం పేదరికం ఒక్కటే కాదు. నమ్మకం అంటేనే రుజువు అడగకపోవడం, సైన్సు అంటే రుజువు అడగడం. ఒకటి అలవాటైన బుర్రకు రెండోది అలవడదు. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో 51ఎ(హెచ్) చేర్చి శాస్త్రీయ దృష్టిని పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అన్నారు. లేబొరేటరీలో ఉన్నంతసేపూ అని అనలేదు. ఏర్వాడి గుర్తుందా? 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులో ఆ దర్గా ఊళ్లోని ఒక ‘హోమ్’ తగలబడింది. మానసిక రోగులను గొలుసులతో కట్టేసి ఉంచారు. పారిపోలేక 28 మంది చనిపోయారు. సహజీవనం అంటే నాకు కళ్ల ముందు కనిపించేది ఆ గొలుసులే.

డాక్టర్: ఏర్వాడిని నేను మరిచిపోలేను సార్. మా చదువులో అదొక పాఠం. కానీ ఒక మాట. కాలిపోయింది దర్గా కాదు, దర్గాకు వచ్చేవాళ్ల నిస్సహాయత మీద వ్యాపారం చేసిన ప్రైవేటు షెడ్డు. అక్కడ జబ్బును అదుపులో పెట్టింది ప్రార్థన కాదు, ఇనుప గొలుసు. ఇక నా ఓపీ సంగతి. మీరు చెప్పిన వరుస నిజమే, అయితే మీరు చూడనిది ఒకటుంది. ఆ తల్లి చేతికి దర్గా దారం ఉంటుంది, పిల్లాడి జబ్బకు నల్లతాడుతో తాయెత్తు ఉంటుంది, దారం కట్టుకున్న ఆ తల్లి చేతిలోనే మా ఓపీ చీటీ మడత నలగకుండా పట్టుకుని ఉంటుంది. పోయిన నెల రాసిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు కూడా పారెయ్యకుండా తెచ్చి చూపిస్తుంది. ఆమె తలలో రెండూ ఉన్నాయి. ఆమె చదువుకోలేదు కాబట్టి అలా ఉందంటారా? మన పక్కనే బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి కుట్టించుకున్న దోమలవి. ఆ మర్నాడే దేవుడికి కృతజ్ఞతగా పద్యం రాసుకున్నాడు. 1902లో నోబెల్ అందుకున్న మనిషి. మన యల్లాప్రగడ సుబ్బారావు కుర్రతనంలో రామకృష్ణ మిషన్‌లో సన్యాసిగా చేరాలనుకున్నవాడు. బోదకాలుకు ఇవ్వాళ్టికీ వాడే హెట్రజాన్ ఆయన నడిపిన పరిశోధనలోంచి వచ్చింది. రెండూ ఒక బుర్రలో ఇమడవంటే ఈ బుర్రలను ఏం చేద్దాం?

లెక్చరర్: రాస్‌నే తీసుకో, నీ సాక్షి నా వైపే మాట్లాడతాడు. ఆయన 1897 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం అచ్చువేశాడు. మలేరియా రక్తం తాగిన రెండంటే రెండు దోమల్లో తాను చూసిన రంగు కణాల గురించి. ఎన్ని కణాలు, ఎంత సైజు, పొట్ట గోడలో ఎక్కడ, ఇంకెవరు మైక్రోస్కోపులో చూసి అవునన్నారు, అదే అందులో ఉన్నది. దేవుడు చూపించాడని ఒక్క ముక్క లేదు. దేవుడి ఊసు పద్యంలో ఉంది, దోమల లెక్క వ్యాసంలో ఉంది. దాన్ని సహజీవనం అంటావా? ఒకే ఇంట్లో ఇద్దరు మాట్లాడుకోకుండా వేరే గదుల్లో ఉన్నారని అంటాను నేను. అట్లా ఉండగలరని నేనూ ఒప్పుకుంటా. మనిషి బుర్ర చాలా వైరుధ్యాలను మోస్తుంది. సిగరెట్ తాగే క్యాన్సర్ డాక్టర్లు లేరా? అంతమాత్రాన సిగరెట్టూ ఊపిరితిత్తులూ సఖ్యంగా ఉన్నాయని ఎవరూ అనరు కదా!

ఇక్కడ నేను కలగజేసుకోవాలి. లెక్చరర్ చెప్పింది సరైనదే. ఒక శాస్త్రవేత్తకు భక్తి ఉందని చూపిస్తే మనుషులు రెంటినీ మోయగలరని తేలుతుందే తప్ప ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసుగుతాయని తేలదు. అయితే ఆ గదులు వేరుగా ఉన్నాయన్న ఆయన మాటలోనే అసలు ప్రశ్న దాగి ఉంది. రోజూ గుడికి వెళ్లే ఇంజనీరు, నమాజు చేసే సర్జన్, చర్చిలో పాడే నర్సు తమ పనిలో ఎప్పుడో ఒకప్పుడు ఒక సందు దగ్గరికి వస్తారు. నమ్మకం ఒకటి చెబుతుంది, కొలత మరొకటి చెబుతుంది. అప్పుడు ఏది పక్కకు తప్పుకుంటుంది, తప్పుకోకపోతే ఆ నష్టం ఎవరి ఒంటి మీద పడుతుంది అన్నదే తేల్చవలసిన ప్రశ్న. ఇలా అడిగితే జవాబును సిద్ధాంతాల్లో వెతకనక్కర్లేదు, జరిగిన సంగతుల్లోనే దొరుకుతుంది.

డాక్టర్: అలా అడిగితే నా దగ్గర రెండు జవాబులున్నాయి. మొదటిది ఇస్రో. ప్రయోగానికి ముందు రాకెట్ నమూనా తిరుమలకు వెళ్తుంది. ఛైర్మన్ సూళ్లూరుపేట చెంగాళమ్మ దగ్గర కొబ్బరికాయ కొడతాడు. మీకు కోపం వస్తుందని తెలుసు. కానీ చంద్రయాన్-2కు ముందూ పూజలు జరిగాయి, చంద్రయాన్-3కు ముందూ జరిగాయి. 2019 సెప్టెంబరు 7న విక్రమ్ చంద్రుడి మీద కూలిపోయింది. 2023 ఆగస్టు 23న నిలబడి దిగింది. ఈ మధ్య నాలుగేళ్లలో మార్చింది ఏమిటి? పూజలో లోపం జరిగిందని ఒక్క ఇంజనీరైనా నివేదిక రాశాడా? ల్యాండర్ కాళ్లను గట్టిపరిచారు, ఇంధనం పెంచారు, సాఫ్ట్‌వేర్ సరిచేశారు, దిగే చోటును అర కిలోమీటరు చదరం నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు విస్తరించారు. కొబ్బరికాయ కొట్టిన చేతులే ఆ లెక్కలూ వేశాయి. రెండు మాటలు ఎదురుపడ్డ చోట నమ్మకం నోరెత్తలేదు.

రెండోది మన అమ్మవార్లు. సికింద్రాబాద్ మహంకాళి బోనాలు 1813 నాటి మహమ్మారి రోజుల్లో మొక్కిన మొక్కు నుంచి వచ్చాయని చెప్పుకుంటాం. మశూచి వస్తే అమ్మవారు పోసిందనేవాళ్లు, టీకా వేయించుకుంటే తల్లికి కోపం వస్తుందని దాక్కునేవాళ్లు. 1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు, 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. పోచమ్మ గుడి మూతపడిందా? వేపమండలు, పసుపు నీళ్లు, పోతరాజులు, ఘటం ఊరేగింపు, అన్నీ ఉన్నాయి. బోనం ఎత్తే ఇళ్లలోనే పిల్లలకు టీకా కార్డులున్నాయి. రోగానికి కారణం తానేనన్న మాటను అమ్మవారు వదులుకుంది, బిడ్డలను చల్లగా చూడమన్న వేడుకోలును ఉంచుకుంది. ఆ సర్దుబాటు ఏ పండితుడూ కూర్చుని రాయలేదు సార్. ఊళ్లలో ఆడవాళ్లు చేశారు.

లెక్చరర్: బాగుందమ్మా, ఈ రెండో మాట నాకు నచ్చింది. కానీ నువ్వు చెప్పింది నిజంగా వెనక్కి తగ్గిన కథ. తగ్గినట్టు కనిపించి తగ్గని కథలు కూడా ఈ ఊళ్లోనే ఉన్నాయి. ప్రతి జూన్‌లో మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిన కుటుంబం పసుపుపచ్చ ముద్దను కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి ఉబ్బసం రోగుల గొంతులో వేస్తుంది. తరాలుగా అది చేప మందు. అందులో ఏముంది, పనిచేస్తుందనడానికి రుజువేమిటి అని జన విజ్ఞాన వేదిక వాళ్లు నిలదీశారు. అది చేప ప్రసాదమైంది. మందు అయితే పరీక్షకు నిలబడాలి, ప్రసాదమైతే అక్కర్లేదు. క్యూలో నిలబడ్డ మనిషి మాత్రం ఎందుకు నిలబడ్డాడు? ఉబ్బసం తగ్గుతుందని. ఆ హామీని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. చేపపిల్లలను సరఫరా చేసేది ప్రభుత్వ మత్స్యశాఖ, బందోబస్తు పోలీసులది. పల్లెల్లోకి వెళ్తే బాణామతి ఉంది. ఇంట్లో పిల్ల ఊగిపోతే ఊళ్లో ఎవరో చేశారంటారు, అనుమానం పడ్డ మనిషి పళ్లు ఊడగొడతారు, చంపేస్తారు. ఆ పిల్ల జబ్బుకు పేరు పెట్టాల్సింది నువ్వు. నీకంటే ముందు మంత్రగాడు పేరు పెట్టాడు, ఆ పేరు ఇంకో మనిషి ప్రాణం తీసింది. మహారాష్ట్రలో నరేంద్ర దాభోల్కర్ ఇలాంటి వాటిమీదే చట్టం కావాలని అడిగి అడిగి 2013 ఆగస్టు 20న హత్యకు గురయ్యాడు. ఆయన పోయాకే అక్కడ చట్టం వచ్చింది. రాస్ దోమను కోసిన రోజూ దాభోల్కర్ పోయిన రోజూ ఒకే తేదీ. ఆ తేదీని ఒక వర్గం దోమల దినంగా, ఇంకో వర్గం శాస్త్రీయ దృష్టి దినంగా జరుపుకుంటాయి. నాకు రెండూ ఒకటే.

డాక్టర్: చేప విషయంలో నేను మీతో వాదించను. ఒళ్లు నయం చేస్తానన్నవాడు డాక్టర్లు నిలబడే పరీక్షకే నిలబడాలి, పేరు ఏదైనా సరే. బాణామతి నేరం, అందులో నమ్మకానికి ఇవ్వాల్సిన మన్నింపు ఏమీ లేదు. కానీ సార్, మీ పట్టికలో సైన్సు చేసిన తప్పుల వరస లేదు. మెదడులో నరాలు కోసే లోబోటమీకి 1949లో ఎగాస్ మోనిజ్‌కు నోబెల్ ఇచ్చారు. వేలమందిని జీవచ్ఛవాలను చేశాక ఆపారు. గొలుసులు వేసింది ఏర్వాడి షెడ్డు ఒక్కటే కాదు, ప్రపంచమంతటా పిచ్చాసుపత్రుల చరిత్రే గొలుసుల చరిత్ర. ఆ ముద్రే ‘ఎర్రగడ్డ’ అన్న తిట్టులో ఇంకా ఉంది. కూతుర్ని కొండగట్టుకు తీసుకెళ్తే పెళ్లి సంబంధాలు చెడవు. నా దగ్గరికి తెస్తే చెడతాయి. ఆ తండ్రి గుడిని ఎంచుకున్నది సైన్సును నమ్మక కాదు, మనం అతనికి పరువు మిగిల్చే తలుపు తెరవక. ఇక డాక్టర్లు ఎందరున్నారు? లక్ష మందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా లేని దేశం. 2015-16లో బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ జాతీయ సర్వే చేస్తే జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేలింది. సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు లేవు. మన దగ్గర పరిస్థితి మెరుగని అనుకోవడానికి ఆధారమేమీ లేదు. ఆ మిగిలిన మనుషులు ఎక్కడికి పోతారు?

ఇంకొకటి చెప్పనివ్వండి. తమిళనాడులో ముత్తుస్వామి గుడి ఒకటుంది. మతి చలించినవాళ్లను తెచ్చి అక్కడ ఉంచుతారు. నిమ్హాన్స్ బృందం అక్కడికి వచ్చిన 31 మందిని వచ్చినప్పుడూ వెళ్లేటప్పుడూ పరీక్షించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది. ఎక్కువమందికి స్కిజోఫ్రెనియా. దాదాపు ఆరు వారాలు ఉన్నారు, మందుల్లేవు. ఇంటి మనిషి ఒకరు తోడు. చేతనైనవాళ్లు గుడి ఊడ్చారు, మొక్కలకు నీళ్లు పోశారు, పొద్దున పూజలో కూర్చున్నారు. లక్షణాల కొలమానంలో సుమారు 20 శాతం తగ్గుదల. కొన్ని మందులకు వచ్చే ఫలితంతో సమానం. దీన్ని ఏమందాం?

లెక్చరర్: పోల్చి చూడటానికి ఇంకో గుంపు లేని అధ్యయనం అంటాను. గుడికి తెచ్చేది జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు. కొన్నాళ్లకు ఎంతోకొంత దానంతటదే తగ్గుతుంది. ఇళ్లకు వెళ్లాక ఆరు నెలలకు ఎలా ఉన్నారో ఎవరూ చూడలేదు. సరే, ఆ తగ్గుదల నిజమే అనుకుందాం. నయం చేసింది ఏమిటి? వేళకు తిండి, చేతికి పని, తిట్టని మనుషులు, పక్కన అమ్మ. ఇవన్నీ ముత్తుస్వామి లేకుండా కూడా దొరికే వస్తువులు. నాకు అభ్యంతరం పాతదానిమీద కాదమ్మా. సర్పగంధి వేరు పిచ్చికి మందని మన వైద్యులు ఎప్పటినుంచో వాడారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ రోగులకు ఇచ్చి చూసి రాశారు. 1952లో దాన్నుంచి రెసర్పిన్ విడదీశారు, కొన్నేళ్లు ప్రపంచమంతా వాడింది. అంతకంటే మంచి మందులు వచ్చాక పక్కన పెట్టింది. మీ పక్కనున్న ఛాతీ ఆస్పత్రి లాంటి చోటి కథ కూడా చెప్పుకో. 1950ల మొదట్లో న్యూయార్కులో క్షయరోగులకు ఇప్రోనియాజిడ్ ఇస్తే ఊపిరితిత్తుల కంటే ముందు మనసు తేలికపడింది, వార్డులో నవ్వులు మొదలయ్యాయి. ‘దేవుడి దయ’ అని ఊరుకుని ఉంటే డిప్రెషన్ మందుల యుగం అప్పుడు మొదలయ్యేది కాదు. ఎందుకని అడిగారు. తేడా అంతా ఆ అడగడంలో ఉంది. లోబోటమీని ఆపింది కూడా సైన్సే. రోగులను వెంటాడి చూసి లెక్క రాసినవాళ్లే ఆపారు. నమ్మకంలో ఆ లెక్కల పుస్తకం ఏదీ?

డాక్టర్: లెక్కల పుస్తకం మా దగ్గరే ఉండాలి సార్, అక్కడ నేను పట్టు వదలను. కానీ ఆ పుస్తకం పట్టుకుని నేను ఎక్కడ కూర్చోవాలన్నది ప్రశ్న. గుజరాత్‌లో ఉనావా అనే ఊళ్లో మీరా దాతార్ దర్గా ఉంది. 2008 నుంచి అక్కడ దర్గా ఆవరణలోనే మానసిక వైద్యులు కూర్చుంటున్నారు. దువా చేసే ముజావర్లకే జబ్బును గుర్తుపట్టడం నేర్పారు. దువా చదివి ‘ఆ గదిలో డాక్టరుకు కూడా చూపించు’ అని వాళ్లే పంపుతారు. పథకం పేరు దవా-దువా. ఏడాదికో రెండేళ్లకో నా ఓపీకి చేరే మనిషి మొదటి వారంలోనే మందు దగ్గరికి వస్తాడు. మీరు మొదట చెప్పిన ఆలస్యానికి ఇంతకంటే సూటి మందు నాకు తెలియదు. తాయెత్తు విప్పి రమ్మని నేను ఆ తల్లిని అడిగితే తాయెత్తు ఉంటుంది, ఆమె మళ్లీ రాదు.

లెక్చరర్: అప్పుడు ముజావరును నమ్మి వెళ్లిన జనం ఎప్పటికీ ముజావరును నమ్మే జనంగానే ఉంటారు. రేపు ఇంకో బాబా వచ్చి మాత్రలు ఆపేయమంటాడు. అడిగే అలవాటు నువ్వు నేర్పలేదు కాబట్టి ఆపేస్తారు. గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి నిప్పుల మీద నడిచి చూపించింది ఎందుకు? మహిమ అన్నదాన్ని ఎవరైనా చేయగలరని తెలిస్తే మనిషి తల ఎత్తి నిలబడతాడని. నువ్వు రోగం నయం చేస్తున్నావు, తల వంచే అలవాటును అలాగే వదిలేస్తున్నావు.

డాక్టర్: మాత్రలు ఆపమన్న బాబా దగ్గర మాత్రం నేను మొహమాటపడను సార్. ‘నీ దేవుణ్ణి ఉంచుకో, ఈ మాట వినకు’ అని చెబుతాను. ఎందుకో కూడా చెబుతాను. మాత్ర ఆపిన పోయినసారి ఏమైందో ఆమెనే గుర్తు తెచ్చుకోమంటాను. అది అడగడం నేర్పడం కాదా? మీరు తరగతిలో నేర్పారు, నేను మంచం పక్కన నేర్పుతున్నాను. గోరా మీద నాకు గౌరవం ఉంది. ఆయన్ను సేవాగ్రామ్‌కు రప్పించుకుని వాదించి, తోడుగా పనిచేయించుకున్న గాంధీ మీద కూడా ఉంది.

వాళ్లను ఇక్కడ ఆపుతాను. నా తీర్పు డాక్టర్ వైపే, కానీ ఆమె మొదట చెప్పిన కారణానికి కాదు. లెక్చరర్ ప్రశ్నలతో ఆమె చివరికి చేరుకున్న కారణానికి. సైన్సూ విశ్వాసమూ కలిసి ఉండగలవు. ఒక ఒడంబడిక మీదే ఉండగలవు. లోకంలో ఏది దేనికి కారణం, ఏ మందు ఏ జబ్బును తగ్గిస్తుంది అన్న చోట కొలతదే చివరి మాట కావాలి. ఎందుకు బతకాలి, పోయినవాళ్ల కోసం ఎలా ఏడవాలి, భయం వేసినప్పుడు ఎవరి పేరు తలుచుకోవాలి అన్న చోట మనిషి తన నమ్మకాన్ని ఎవరికీ నిరూపించనక్కర్లేదు. ఇది సమాన వాటా కాదు, ఆ సంగతి దాచడం వల్ల ప్రయోజనం లేదు. వివాదం వచ్చిన ప్రతిసారీ ఒకే పక్షం తప్పుకోవాలని అడుగుతున్నాను. అలా తప్పుకునే విశ్వాసం ఇంకా విశ్వాసమేనా, పండగ మాత్రమే మిగిలిన పొట్టు కాదా అని నిజమైన భక్తులు అడగవచ్చు. ఆషాఢమాసంలో బల్కంపేట కల్యాణానికి వచ్చే జనాన్ని చూసి జవాబు చెప్పుకోవచ్చు. మశూచిని వదులుకున్న అమ్మవారి దగ్గర భక్తి ఒక్క పిసరు తగ్గలేదు. జబ్బుకు కారణం చెప్పడం అమ్మవారి ఉద్యోగాల్లో చిన్నదే అయి ఉండాలి.

ఎదుటి వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఇంకా బరువైనది. పెద్దవాళ్లు తమ ఒంటి మీద తాము చేసుకునే నిర్ణయం వాళ్ల ఇష్టం కాదా, కొలతకు చివరి మాట ఇచ్చే హక్కు మీకెవరిచ్చారు అని అడుగుతారు. ఎర్రగడ్డ దగ్గర ఈ వాదన నిలబడదు. అక్కడ నిర్ణయం తీసుకునేవారు ఒకరు, అనుభవించేవారు ఇంకొకరు. చెవుల్లో గొంతులు వినిపించే కుర్రాడు దర్గాను ఎంచుకోలేదు, ఏర్వాడిలో గొలుసు వేసుకున్నవాడూ ఎంచుకోలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని స్పష్టంగా రాసింది. మతస్వేచ్ఛ ఇచ్చిన రాజ్యాంగం 25వ అధికరణే ఆ స్వేచ్ఛ శాంతిభద్రతలకూ నైతికతకూ ఆరోగ్యానికీ లోబడి ఉంటుందని అంటుంది. ఆరోగ్యం అన్న మాటను దేశం పుట్టినప్పుడే అక్కడ పెట్టుకున్నాం. నేను అడిగే ఒడంబడిక కొత్తదేమీ కాదు.

లెక్చరర్ చివరి ప్రశ్న మాత్రం డాక్టర్ జవాబుతో పూర్తిగా తీరలేదు. దవా-దువా వల్ల రోగికి వేళకు మందు అందుతుంది. జనానికి అడిగే అలవాటు రావాలంటే బడి కావాలి, జన విజ్ఞాన వేదిక వంటి సంఘాలు కావాలి, ఉబ్బసం తగ్గుతుందని నమ్మి జనం వేసుకునే చేపకు సర్కారు ఏర్పాట్లు చేయడం ఆగాలి. ఈ పని డాక్టరు నెత్తిన వేసి మనం తప్పుకోకూడదు. అలాగని జనం అంతా హేతువాదులయ్యేదాకా రోగిని ఆగమనీ అనకూడదు.

అందుకే రెండు తెలుగు ప్రభుత్వాలనూ, దేవాదాయ శాఖలనూ, వక్ఫ్ బోర్డులనూ అడగవలసింది ఒకటుంది. మతి చెదిరినవాళ్లను నమ్మకంతో తీసుకొచ్చే చోట్లు, జగిత్యాల జిల్లా కొండగట్టు, నెల్లూరు జిల్లా ఏఎస్ పేట దర్గా వంటివి, ఎవరికీ తెలియనివి కావు. అలాంటి ప్రతి చోటా వారానికి ఒక్కరోజైనా మానసిక వైద్యులు కూర్చునే గది, మందులు ఉచితంగా ఇచ్చే కౌంటరు ఉండాలి. అక్కడి పూజారికీ ముజావరుకూ జబ్బును గుర్తుపట్టే శిక్షణ ఇవ్వాలి. ఈ వ్యాసం చదువుతున్న మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరైనా నిద్ర మాని, లేని గొంతులు వింటూ, తనలో తాను మాట్లాడుకుంటూ ఉంటే మొక్కుకునేవాళ్లు మొక్కుకోండి, అదే వారంలో డాక్టరుకు చూపించండి. మొక్కు తీరేదాకా మందు వద్దనే మాట ఎవరు చెప్పినా వినకండి. ఎర్రగడ్డ దాకా రాలేనివాళ్ల కోసం 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ సేవ నడుస్తోంది. 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.